ఈగలు కావలెను

కువైట్‌లో ఒకానొక పెద్దింట్లో ఈగలను తరిమే పనిమనిషి మద్దమ్మకు, ఇకపై ఈగలను సమకూర్చే బాధ్యత కూడా అప్పగిస్తూ మొన్న చలికాలంలో ఉత్తర్వులు వెలువడ్డాయి. ఇంట్లో ఈగ కనిపించకూడదు. చెట్టుకు మాత్రం ఈగ అందాలి.

ఆ చెట్టును ఇంటి యజమానురాలు మామా పరదేశం నుంచి తెప్పించుకుంది. అక్కడ అమ్మగారిని మామా అనే పిలవాలి. అరచేతిలో ఇమిడేంత మొక్క. ఆకుల చివర నోళ్లు, నోళ్లకు ముళ్ల పళ్లు. ఈగ వాలిందంటే నోరు మూసుకుని తీరిగ్గా అరిగించుకుంటుంది. కుళాయి నీళ్లు దానికి పడవు. అల్ రాయ్ బజారు నుంచి కారు బ్యాటరీల్లో పోసే నీళ్లు తేవాలి. చచ్చిన ఈగను ముట్టదు. ఇంత మడి గల మొక్కకు సేవ చేయడం పూర్వజన్మ సుకృతం.

మద్దమ్మది రాయచోటి దగ్గర పల్లె. ఊరి ముఖం చూసి మూడేళ్లయింది. ఈలోగా మనవరాలు పుట్టి, పాకి, నడిచి, ఫోన్‌లో "అవ్వా" అనడం కూడా నేర్చింది. ఆ పిల్లను ఒక్కసారి ఎత్తుకోవాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. చెట్టు ఎండాకాలం దాకా బతికితే సెలవిస్తానని మామా మాటిచ్చింది.

తలుపులు బిగించిన ఏసీ ఇంట్లో ఈగలెక్కడివి? కబ్ద్ ఎడారిలో గొర్రెలు కాసే తన పిన్ని కొడుకు ఓబులేసుకు మద్దమ్మ ఫోన్ చేసింది.

"బతికుండే ఈగలు కావల్ల రా."

"మతి గాని పోయిందా అక్కా? ఈడ గొర్రెల కంటే ఈగలే ఎక్కువ. మేం కూడు తినేదే వాటితో పొత్తులో. ఎన్ని బస్తాలు పంపాల?"

"వారానికొకటి సాలు."

మూతకు చిల్లులు పెట్టిన సీసాలో, ముందు సీట్లో, ఏసీ వేసి, ఇంటి డ్రైవర్ అన్వర్ బాషా ఈగలను సగౌరవంగా తీసుకొచ్చేవాడు. ఓబులేసుకు ఆ కారెక్కి పట్నం చూసే యోగం ఇంతవరకు కలగలేదు. దేనికైనా అర్హత ఉండాలి కదా.

ఎండాకాలం వచ్చేసరికి చెట్టు ఏపుగా పెరిగింది. మామా చుట్టాలను టీకి పిలిచి, మద్దమ్మను పక్కన నిలబెట్టి అరబ్బీలో ఉపన్యసించింది. అన్వర్ బాషా దాన్ని తెలుగులో వినిపించాడు.

"నిన్ను తెగ పొగుడ్తాండాది అక్కా. నీ చెయ్యి పడితే రాయైనా చిగురేస్తాదంట. నువ్వు లేకుంటే ఈ చెట్టు ఒక్కరోజు గూడా బతకదంట. అందుకే సెలవు లేదంట."

చుట్టాలు చప్పట్లు కొట్టారు. పని బాగా చేసేవారికి లోకంలో జరిగే సన్మానం ఇదే.

మద్దమ్మ వంటింట్లో కూర్చుని తనివితీరా ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, కిటికీకున్న దోమతెర ఊడదీసింది. మూడు రోజుల్లో ఇల్లంతా ఈగలే. చెట్టుకు ఒక్క నోరూ ఖాళీ లేదు.

"చూడు మామా. చెట్టు, అదే తింటాది. మద్దమ్మ వద్దు. మద్దమ్మ ఇండియా. ఖలాస్," అని వచ్చీరాని అరబ్బీలో మనవి చేసుకుంది. మామా ఖర్జూరం మీది ఈగను తోలుకుంటూ ఆలోచించి, రెండు నెలల సెలవు మంజూరు చేసింది.

ఊళ్లో బంధువులంతా ఎదురొచ్చారు. మనవరాలు మాత్రం కొత్త మనిషిని చూసి జడుసుకుంది. ఫోన్‌లో ఉండే అవ్వే కావాలని ఏడ్చింది.

పెట్టె తెరిచారు. సెంట్లు, చాక్లెట్లు, కంబళ్లు క్షణంలో మాయమయ్యాయి. ఎప్పుడు వస్తావంటూ మామా ఫోన్ చేసింది. ఆ ఫోన్ పెట్టేసేలోపే అల్లుడు ఖాళీ పెట్టెను తట్టి చూస్తూ అడిగాడు.

"మళ్లా ఎప్పుడు పోతావత్తా?"

అందరూ జవాబు కోసం నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు.

ఆ చెట్టే నయం, అనుకుంది మద్దమ్మ. వారానికి ఒక్క ఈగతో సరిపెట్టుకునేది.