చిల్లు పడినంక రండ్రి

మనిషి ఒంట్లో జరిగే ప్రతి అనర్థానికీ భూమ్మీద ఒక కార్యాలయం ఉండాలన్నది నాగరికతకు మొదటి లక్షణం. ఆ లెక్కన జగిత్యాల మహా నాగరిక పట్టణం. మందులు చేసే కీడును రాసుకోవడానికే అక్కడ దుష్ప్రభావాల నమోదు కేంద్రమని ఒకటి వెలిసింది.

కోరుట్ల నుంచి వచ్చిన రజని ఆ కేంద్రం మెట్లెక్కింది. ఆమె తల్లి చిన్నవ్వ గుండెనొప్పికి నైట్రేట్ బిళ్ల వేసుకుంటోంది. కొంతకాలంగా కడుపులో మెలిపెట్టే నొప్పి. ఈ రకం బిళ్లలకూ పేగుకు చిల్లు పడటానికీ సంబంధం ఉందేమోనని ఎవరో పరిశోధన చేస్తున్నట్టు రజని పేపర్లో చదివి, గుండె డాక్టరును అడిగింది. బిళ్ల మార్చడానికి అభ్యంతరం లేదనీ, నొప్పి ఆ బిళ్ల వల్లేనని కేంద్రం నుంచి కాగితం మాత్రం తెమ్మనీ ఆయన సెలవిచ్చాడు. (సొంతంగా ఆలోచించడం ఆయన ఫీజులో కలవలేదు.) బిళ్ల మానేస్తే గుండె ఊరుకోదు, వేసుకుంటే పేగు ఊరుకునేలా లేదు. అవ్వ దక్కుతుందో లేదోనని రజనికి ముద్ద దిగడం లేదు.

సహాయ దుష్ప్రభావాధికారి సంపత్ అంతా ఓపికగా విన్నాడు.

"చిల్లు పడ్డదా?"

"పడకముందే అచ్చిన సారూ. నొప్పి మస్తుగ ఉన్నది."

"నొప్పి రాసే గడి మా ఫారంల లేదమ్మా. పరిశోధనంత చిల్లు మీదనే. చిల్లు పడినంక రండ్రి."

"పడినంక మనిషి ఉంటదా సారూ?"

"గదంత వేరే డిపార్ట్‌మెంటు."

పోనీ బిళ్లల డబ్బా చూపించమన్నాడు. దుబాయిలో పనిచేసే తమ్ముడు సాగర్ పంపిన డబ్బా అది. గల్ఫ్ మందుకు కోరుట్లలో ఉన్న మర్యాద ఊరి మందుకు లేదు. సెంటు సీసాలు, సబ్బులు వచ్చే అట్టపెట్టెలోనే గుండెబిళ్లలూ దిగుతాయి. డబ్బా మీద అరబ్బీ అక్షరాలు చూడగానే అధికారి ముఖం విప్పారింది.

"బిళ్ల ఏ దేశానిదో, కీడు గూడ గా దేశానిదే. దుబాయిల రాయించుకోండ్రి."

"కడుపు కోరుట్లల ఉన్నది కద సారూ!"

సంపత్ పుస్తకం తిరగేశాడు. నిబంధనల్లో కడుపు చిరునామా గురించి ఏమీ లేదు. తేల్చడానికి ఉపసంఘం వేస్తామని మాటిచ్చి పంపించాడు.

ఉపసంఘం కూర్చునేలోపే చిన్నవ్వ పేగుకు చిల్లు పడింది. ఆసుపత్రిలో పొట్ట కోసి కుట్టారు. ముసలి ప్రాణం గట్టిది, బతికింది. ఒళ్లు మండిన రజని ఆపరేషన్ కాగితాలన్నీ తెచ్చి సంపత్ బల్ల మీద కుప్పపోసింది.

"పడ్డది సారూ. మీ కోరిక తీరింది. ఇగనన్న కాగితమియ్యుండ్రి!"

ఆయన స్కానింగు వెలుతురుకు పట్టి చూశాడు. అసలు సిసలైన చిల్లు. ముచ్చటపడ్డాడు కూడా. ఆఖరి కాగితం దగ్గరికి వచ్చేసరికి పెదవి విరిచాడు.

"కుట్టేసిండ్రు కదమ్మా! ఇప్పుడు చిల్లేది? రేపు తనిఖీకి అస్తే ఏం జూపియ్యాలె?"

సమస్య పరిష్కారమైందని రాసి ఫిర్యాదును మూసేశారు. కేంద్రం సేవలకు నక్షత్రాలు ఇవ్వమని రజని సెల్లుకు మెసేజీ కూడా వచ్చింది.

కాగితం రానందున గుండె డాక్టరు చిన్నవ్వకు పాత బిళ్లనే మళ్లీ రాసి, ఈసారి అన్నం తిన్నాక వేసుకోమన్నాడు.