అనుమతి లేని గూడు

హెరన్ పాయింట్ ప్రకృతి పరిరక్షణ సమీక్షా సంఘం వారు పట్టణ ప్రజలకు తెలియజేయునది ఏమనగా: ఉప్పు మడుగు గట్టున ఒడెట్ సిల్వేరా కట్టదలచిన రెండు గదుల ఇంటి వల్ల ప్రకృతికి కలుగబోవు నష్టముపై గురువారం సాయంత్రం ఆరు గంటలకు విచారణ జరుపబడును. అభ్యంతరములు గలవారు హాజరు కావలెను. లేనివారు శ్రమపడనక్కరలేదు.

ఒడెట్ బడి బస్సు నడుపుతుంది. ఇరవై రెండేళ్లుగా అద్దె స్థలంలో నిలిపిన ట్రైలర్ అనే చక్రాల ఇంట్లోనే ఆమె కాపురం. మూడేళ్లలో ఖాళీ చేయమని ఆ స్థలం ఆసామి కాగితం పంపాడు. తండ్రి వలలు ఆరబెట్టుకున్న సొంత నేల చెక్క ఒకటి గట్టు మీద ఉంది కదా, మూడేళ్లంటే బోలెడు కాలం కదా అని ఆమె ధైర్యంగా ఉంది. కాలిఫోర్నియా తీరంలో పుట్టి పెరిగిన మనిషి ఇంత అమాయకంగా ఎలా మిగిలిందో ఎవరికీ అంతుపట్టలేదు.

ఇక్కడ ఇల్లు కట్టాలంటే ముందు ఇంటి దయ్యాన్ని నిలబెట్టాలి. నాలుగు మూలలా ఇంటి ఎత్తున కర్రలు పాతి, పైకప్పు వచ్చే చోట నారింజ రంగు వల కట్టాలి. కట్టని ఇంటిని ఊరంతా చూసి బాధపడటానికి ఇది చక్కని సదుపాయం. ఒడెట్ కర్రలు పాతింది. ఊరు బాధపడటం మొదలుపెట్టింది.

సంఘం అధ్యక్షుడు గ్రెగరీ హాల్‌స్టెడ్ గారి మూడంతస్తుల మేడ కూడా అదే గట్టున ఉంది. నిబంధనలు పుట్టకముందు కట్టింది కనుక దాన్ని ప్రకృతిలో భాగంగానే లెక్కిస్తారు. విచారణలో ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. గంట మోగగానే ఆపాలి. ఒడెట్ నేలకు పక్కింటి కాన్‌స్టన్స్ వెబ్ గారు లేచి, కళ్లద్దాలు తుడుచుకుని, గొంతు సవరించుకున్నారు.

"నా కోసం కాదండీ, కప్పల కోసం మాట్లాడుతున్నాను. ఈ ఇంటి నీడ వాటి మీద పడుతుంది. అవి వచ్చి చెప్పుకోలేవు కదా, పాపం."

తన ఈతకొలనులో దూకిన కప్పలను వారానికోసారి వల పెట్టి తీయించే మనిషి కనుక కప్పల కష్టసుఖాలు ఆవిడకు బాగా తెలుసు. పద్నాలుగు మంది మాట్లాడారు. మూడు నిమిషాలు ఇంత పొడుగ్గా ఉంటాయా అని ఒడెట్ గోడ గడియారం వైపు చూస్తూ కూర్చుంది.

గట్టున కప్పలను లెక్కపెట్టించాలని సంఘం తీర్మానించింది. నిబంధన ప్రకారం వాన పడే రోజునే లెక్కపెట్టాలి. రెండేళ్లు చినుకు రాలలేదు. సంఘం ఓర్పుగా ఎదురుచూసింది. ఎదురుచూడటంలో వారికి సాటి లేదు. మూడో ఏడు వాన పడింది. ఏడు కప్పలు దొరికాయి, ఏడూ వెబ్ గారి ఈతకొలనులోనే. కర్రలకు జడిసి పారిపోయి వచ్చాయని ఆవిడ వాంగ్మూలం ఇచ్చారు. సంఘం దాన్ని శాస్త్రీయ ఆధారంగా స్వీకరించింది.

ట్రైలర్ గడువుకు ఎనిమిది నెలలు మిగిలాయి. ఒడెట్‌కు నిజంగానే ఏడుపొచ్చింది. ఇల్లూ వద్దు, వాకిలీ వద్దు, కర్రలు పీకేసి వేరే ఊరు పోదామని వెళ్లింది. చూస్తే మూల కర్ర మీద చేపల గద్ద గూడు పెట్టి ఉంది. దరఖాస్తు లేదు, నకళ్లు లేవు, నీడ లెక్క లేదు. గూడు ఉన్నంతవరకు కర్రలను తాకరాదని సంఘం ఆ సాయంత్రమే ఉత్తర్వు జారీ చేసింది. కట్టడానికీ వీల్లేదు, పీకడానికీ వీల్లేదు.

సంఘం కార్యాలయంలో గుమాస్తా టెడ్ ఒకాడా ఆమె మొహం చూసి తలుపు దగ్గరగా వేశాడు.

"ఒడెట్ గారూ, ఇల్లు అని ఎందుకు రాస్తారండీ? పక్షుల పరిశీలన కుటీరం అని రాయండి. దానికి అసలు అభ్యంతరాలే అడగరు."

"వంటగది ఉందిగా నాయనా?"

"పరిశీలించే మనిషి తిండి తినదా?"

"మరి పడకగది?"

"గద్ద పడుకున్నాక మీరు మాత్రం మేలుకుని ఏం చూస్తారు?"

అదే పటం, అవే కొలతలు. ఏడు నిమిషాల్లో అనుమతి వచ్చింది. హాల్‌స్టెడ్ గారు లేచి నిలబడి, "ఒక సామాన్య మహిళ తన నేలను ఒక పక్షికి అంకితం చేసింది. ఇలాంటి త్యాగాల వల్లే ఈ గట్టు ఇంకా గట్టుగా ఉంది," అన్నారు. వెబ్ గారు కళ్లు ఒత్తుకుని తన దుర్భిణిని బహూకరించారు. గద్ద పిల్లలు ఎగిరిపోయాక, మూల కర్రను కదల్చకుండా, గడువుకు వారం ముందు కుటీరం లేచింది.

మరుసటి వసంతంలో ఒడెట్ తన వంటగది కిటికీ దగ్గర కాఫీ తాగుతోంది. ఎదురుగా మడుగు తళతళలాడుతోంది. గద్ద తిరిగి వచ్చింది. బతికినన్నాళ్లూ ఇక్కడే అనుకుంటే ఆమెకు గుండె నిండిపోయింది. అంతలో అవతలి గట్టున ఎవరో కర్ర పాతుతున్నారు. పోస్టుమన్ రూబెన్; రెండు గదుల ఇల్లట, ముగ్గురు పిల్లలట. నారింజ వల గాలికి రెపరెపలాడింది, సరిగ్గా మడుగు మీద సూర్యుడు దిగే చోట.

ఒడెట్ దుర్భిణి తీసి చూసింది. రూబెన్ మంచివాడే, అందులో అనుమానం లేదు. కానీ గద్ద సంగతి ఎవరు చూస్తారు? అది వచ్చి చెప్పుకోలేదు కదా.

గురువారం విచారణ. ఆమె కాగితం మీద రాసుకుని, అద్దం ముందు నిలబడి, గడియారం పెట్టుకుని చదివి చూసుకుంది. అయిదున్నర నిమిషాలు వచ్చింది. ఎక్కడ కత్తిరించాలో తోచలేదు. మూడంటే మూడే నిమిషాలిస్తే మనిషి ఏం చెప్పుకోగలదు?