నిశ్శబ్ద కాలనీలో ఆరు పెట్టలు

చోడవరం శివార్లలో, మొన్నమొన్నటి దాకా చెరకు తోటగా ఉన్న స్థలంలో వెలసిన ప్రశాంతి గ్రీన్స్ కాలనీ సంక్షేమ సంఘం తన సర్వసభ్య సమావేశంలో ఒక చారిత్రక తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. ఇకపై కాలనీలో శబ్దం ఉండరాదు. ఒక స్వచ్ఛంద సంస్థ 'నిశ్శబ్ద కాలనీ' పేరిట షీల్డు ఇవ్వబోతోందని తెలియడమే ఇందుకు కారణం. తీర్మానాన్ని అధ్యక్షులు భానుప్రకాష్ గారు రెండు పెద్ద మైకు బాక్సుల్లో స్వయంగా చదివి వినిపించారు. బుచ్చయ్యపేట వెళ్ళే ఆటోల వాళ్ళు సైతం రోడ్డు మీద ఆగి విని, మంచి నిర్ణయమని మెచ్చుకున్నారు.

అసలు శబ్దమంటే ఏమిటో తేల్చడానికి సంఘానికి మరో మూడు సమావేశాలు పట్టాయి. గుడి మైకు భక్తి కిందికి, చర్చి మైకు ఆరాధన కిందికి వచ్చాయి. పెళ్ళి ఊరేగింపు డీజే సంప్రదాయం. ఎన్నికల ప్రచార రథం ప్రజాస్వామ్యం. సైలెన్సర్ పీకేసిన బుల్లెట్టు బండి యువతరం ఉత్సాహం. అధ్యక్షుల వారి మూడో అంతస్తు కోసం మార్బుల్ కోసే మిషను ఎనిమిది నెలలుగా నడుస్తోంది గానీ, అది అభివృద్ధి. ఇవన్నీ తీసేశాక కాలనీలో శబ్దం అనదగ్గది ఏదీ మిగల్లేదు. నిషేధించడానికి ఏదో ఒకటి లేకపోతే తీర్మానం అమలైనట్టు షీల్డు వాళ్ళకు ఎలా తెలుస్తుందని సభ్యులు దిగాలు పడ్డారు. అప్పుడు ఎవరికో జ్ఞానకుమారి కోళ్ళు గుర్తొచ్చాయి.

జ్ఞానకుమారి బుచ్చయ్యపేట దగ్గరి పల్లెలో ముప్పై ఏళ్ళు అంగన్‌వాడీ నడిపి, రిటైరై, రెండేళ్ళ కిందట కొడుకు ఫెలిక్స్ ఇంటికి వచ్చింది. వచ్చేటప్పుడే ఒక షరతు పెట్టింది. తనతో పాటు ఆరు పెట్టలు వస్తాయి, అవి పోయిన రోజున తానూ పోతుంది. పుంజునైతే, చీకటితోనే కూసి టౌను వాళ్ళను లేపేస్తుందని తనే ఊళ్ళో ఎవరికో ఇచ్చేసింది. ఆరు పెట్టలకూ తమ పల్లె చర్చి స్త్రీల సమాజంలోని స్నేహితురాళ్ళ పేర్లు పెట్టుకుంది: ఎస్తేరమ్మ, సలోమి, దీవెనమ్మ, కరుణ, సువార్త, మేరీరత్నం. రోజూ పెరట్లో పీట వేసుకుని, నూకలు చల్లుతూ వాటికి ఊరి కబుర్లు చెప్పేది. ఆ కాలనీలో ఆమె మాట చివరిదాకా వినేవి అవే. వాటి మీద ఆమెకున్నది ప్రేమే, దానికి ఇంకో పేరు వెతకనక్కర్లేదు.

పెట్టలు కూడా నెమ్మదైనవి. గుడ్డు పెట్టినప్పుడు ఒక్క నిమిషం కొక్కొక్కొమని చెప్పుకుని ఊరుకునేవి. ఆ గుడ్లు గోడ మీదుగా ఇరుగుపొరుగుకు వెళ్ళేవి. పక్కింటి సంధ్యారాణి కూతురు పురిటికొచ్చి ఉన్న మూడు నెలలూ రోజూ ఆ నాటు గుడ్లే తింది. అధ్యక్షుల వారి మోకాలు చిట్లినప్పుడు అది అతికింది కూడా వాటితోనే. కాలనీలో ఆ గుడ్లు తినని ఇల్లు లేదు. కోళ్ళ మీద ఇచ్చిన ఫిర్యాదులో సంతకం పెట్టని ఇల్లూ లేదు. మొదటి సంతకం సంధ్యారాణిది. రెండోది ఫెలిక్స్‌ది.

ఫెలిక్స్‌ను తప్పుపట్టడానికి లేదు. అతను రోజూ బస్సులో విశాఖ వెళ్ళి, కంపెనీలో పై వాళ్ళందరికీ తలూపి, మళ్ళీ బస్సులో వస్తాడు. అలాంటి మనిషికి సంక్షేమ సంఘం సహాయ కార్యదర్శి పదవి దొరికింది. లెటర్‌హెడ్ మీద పేరు అచ్చయింది. ఆ కాగితాన్ని అతని భార్య జూడీ లామినేషన్ చేయించి హాల్లో పెట్టింది.

"ఏట్రా ఫెలిక్సూ, నా కోళ్ళ మీద నువ్వే సంతకమెట్టేవంట?" అని జ్ఞానకుమారి అడిగింది.

"పోస్టులో ఉన్నాను కదమ్మా. అందరూ పెడతంటే నేను పెట్టకపోతే ఏటనుకుంటారు?"

"అయితే అవి ఏటి సేసేయిరా?"

"ఏటీ సెయ్యలేదమ్మా. సేసుంటే నేనే మందలిద్దును. ఏటీ సెయ్యని వాటిని ఎలా మందలిస్తాం సెప్పు?"

న్యాయం జరగకుండా నిర్ణయం తీసుకునే అలవాటు సంఘానికి లేదు. ముగ్గురు సభ్యులతో శబ్ద నిర్ధారణ ఉపసంఘం ఏర్పడింది. వాళ్ళు ఒక ఉదయం ఏడింటికి జ్ఞానకుమారి పెరట్లో కుర్చీలు వేయించుకుని పదకొండు దాకా విన్నారు. మధ్యలో మార్బుల్ మిషను హోరుకు వాళ్ళ మాటలు వాళ్ళకే వినపడక, సైగలతో టీ అడిగారు. తలా రెండు ఆమ్లెట్లు తిన్నారు. పెట్టలు కొత్త మనుషుల్ని చూసి గంప కింద ముడుచుకున్నాయి. ఒక్కటి కూడా నోరు తెరవలేదు.

ఉపసంఘం నివేదిక ఇలా ఉంది: "సదరు కోళ్ళు మా సమక్షంలో ఎట్టి శబ్దమూ చేయలేదు. అనగా, అరవకుండా ఉండగల సామర్థ్యం వాటికి సంపూర్ణంగా ఉన్నదని తేలినది. అట్టి సామర్థ్యం ఉండి కూడా మిగతా వేళల్లో అరచుట ఉద్దేశపూర్వకమని భావించవలసి వస్తున్నది." పుంజు లేకుండా ఆరు పెట్టలు కాపురముండడం కుటుంబ వ్యవస్థకు మంచిది కాదని ఒక సభ్యుడు విడిగా అభిప్రాయం రాశాడు. దాన్నీ జతపరిచారు.

నివేదిక అందగానే భానుప్రకాష్ గారు ఫెలిక్స్ ఇంటికి వచ్చి, వరండాలో నిలబడి ప్రసంగించారు. "అమ్మా! వ్యక్తి కన్నా సమాజం గొప్పది. చరిత్రలో ఏ మహత్కార్యమూ త్యాగం లేకుండా జరగలేదు. ఈనాడు కాలనీ యావత్తూ మీ త్యాగం కోసం ఎదురుచూస్తోంది!"

"త్యాగమేటి బాబూ? నా పెరట్లోవి నాకు వదిలీమంటన్నాను. అంతకు మించి నేనేటడిగేను?" అంది జ్ఞానకుమారి.

ఆమెకు ఏడుపొచ్చింది. అది అంగీకారంగా నమోదైంది.

కోళ్ళను సంఘం సంరక్షణలోకి తీసుకుని, వడ్డాదిలోని ఒక కొబ్బరితోటకు తరలించాలని తీర్మానించారు. తోటలో అవి హాయిగా తిరుగుతాయని, ఆదివారం ఆరాధన అయ్యాక తనే తీసుకెళ్ళి చూపిస్తానని ఫెలిక్స్ తల్లికి మాటిచ్చాడు. కొడుకు మాటిచ్చాడు గనుక ఆమె నమ్మింది, వాటితో పాటే వెళ్ళిపోవడం మానుకుంది. చేతికి రెండేసి చొప్పున ఫెలిక్సే వాటిని సంఘం ఆఫీసుకు మోసుకెళ్ళాడు. తోట ఎవరిదని మాత్రం అతను అడగలేదు. అడిగితే తెలిసిపోతుందని భయం.

శనివారం మధ్యాహ్నం షీల్డు సంస్థ న్యాయనిర్ణేత వచ్చాడు. కాలనీ మధ్యలో షామియానా వేశారు. ఆయన గేటు దాటే దాకా డీజే స్వాగతం పలికి ఆగింది. మార్బుల్ మిషనుకు ఆ పూటకు సెలవిచ్చారు. భోజనాలు, వాటి మధ్యనే సన్మానాలు. సన్మాన గ్రహీతల్లో మొదటి పేరు జ్ఞానకుమారిది: కాలనీ ప్రశాంతత కోసం కోళ్ళను త్యజించిన ఆదర్శ మాతృమూర్తి. బంతుల్లో గారెలు, నాటుకోడి పులుసు వడ్డిస్తున్నారు. న్యాయనిర్ణేత అప్పుడే జేబులోంచి శబ్దం కొలిచే మీటరు తీసి బల్ల మీద పెట్టాడు.

జ్ఞానకుమారి తినే ముందు చేతులు కడుక్కోవడానికి షామియానా వెనక్కి వెళ్ళింది. గ్యాసుపొయ్యి పక్కన ఒక టబ్బు నిండా ఈకలున్నాయి. చుక్కలవి సలోమివి. నల్లవి సువార్తవి. మెడ కింద ఎర్రగా మెరిసేవి ఎస్తేరమ్మవి. ఆమె ఒక్కొక్కటీ చూసింది. అన్నీ చూశాక గాని అక్కడి నుంచి కదలలేకపోయింది.

తిరిగొచ్చేసరికి భానుప్రకాష్ గారు శాలువా విప్పి పట్టుకుని, మైకు ఆమె ముందుకు జరిపారు. ఆమె మైకును పక్కకు తోసింది.

"ఎవురూ లేవక్కర్లేదు, తింటానే సెప్పండి. నా కోళ్ళ అరుపుకి మీలో ఎవురికి నిద్ర సెడింది?"

ఎవరూ మాట్లాడలేదు.

"సంధ్యా, నీకా?"

సంధ్యారాణి గారెముక్కతో విస్తరి తుడుస్తూ ఉండిపోయింది.

"ఒరే ఫెలిక్సూ, నీకేట్రా?"

ఫెలిక్స్ నోట్లో ముద్ద ఉంది. అతను దాన్ని మింగనూ లేదు, ఉమ్మనూ లేదు. జూడీ తల దించుకుంది. అధ్యక్షుల వారు శాలువాను మళ్ళీ మడత పెట్టడం మొదలుపెట్టారు. రెండు వందల మంది ఉన్న ఆ షామియానాలో గరిటె తగిలిన చప్పుడు కూడా లేదు. జ్ఞానకుమారి అందరి వైపూ ఒకసారి చూసి, ఇంట్లోకి వెళ్ళి, బట్టల సంచి భుజాన వేసుకుని, వాళ్ళ మధ్య నుంచే నడుచుకుంటూ రోడ్డు మీదికి పోయింది. బుచ్చయ్యపేట ఆటో ఎక్కేదాకా ఆమెను ఎవరూ పిలవలేదు.

న్యాయనిర్ణేత మీటరు చూసుకుని ఆశ్చర్యపోయాడు. ఇంత మంది మనుషులున్న చోట ఇంతటి నిశ్శబ్దాన్ని తన సర్వీసులో ఎక్కడా చూడలేదని, దీనికి పోటీయే లేదని ప్రకటించి, షీల్డు ఫెలిక్స్ చేతుల మీదుగా సంఘానికి అందజేశాడు.

వచ్చే ఏడాది షీల్డు కోసం దరఖాస్తులు తీసుకుంటున్నారు. మీ కాలనీ వాళ్ళు కూడా నిస్సంకోచంగా పెట్టుకోవచ్చు. ప్రత్యేకంగా సాధన చేయాల్సిందేమీ లేదు. మీలో ఒకరికి అన్యాయం జరిగి, వాళ్ళు మీ ముందుకొచ్చి అడిగే సమయానికి మీటరు పెట్టిస్తే చాలు.