వాక్యానికి ప్లాన్ గీసిన నాన్న

ఇంట్లో పిల్లల వాగుడు తగ్గాలంటే ఇంగ్లీషు గ్రామర్‌ను మించిన మందు లేదు! నవ్వకండి. గదమాయించి చూశారు, వినలేదు. బతిమాలి చూశారు, వినలేదు. సెల్‌ఫోను చేతికిస్తే నోరు మూతపడింది గానీ కళ్లు పోతున్నాయి. గ్రామర్‌తో ఆ భయం లేదు. హాల్లో టీవీ తీసేసి ఆ మేకులకే ఒక వైట్‌బోర్డు తగిలించండి. పిల్లల నోటి నుంచి వచ్చిన ప్రతి వాక్యాన్నీ ముక్కలు చేసి దాని మీద ఆరేయండి. ఆ తర్వాత చూడండి ఇల్లెంత ప్రశాంతంగా ఉంటుందో!

నమ్మకం కుదరకపోతే మన ప్లానుగారిని చూడండి. ఇళ్ల ప్లాన్లు గీసే ఉద్యోగం కనుక వీధంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. ఎవరి స్నానాలగది గొట్టం ఎటు పోవాలో ఆయన గీస్తే అటే పోతుంది. అలాంటి మనిషి, ఇంగ్లీషు వాక్యాన్ని కూడా అలాగే గీయొచ్చని ఏదో వీడియోలో చూశారు. అడ్డంగా ఒక గీత. దాని మీద చేసేవాడూ, చేసిన పనీ. ఏటవాలు గీతల మీద మిగతా చుట్టపక్కాలందరూ. ప్లానుగారి ఆనందం పట్టశక్యం కాలేదు. భాషంటే డ్రైనేజీ లైనే కదా! ఈ ముక్క ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేం?

ఆ రోజు నుంచి ఏడో క్లాసు చదివే కూతురికి కొత్త చట్టం వచ్చింది. నాన్నతో ఏం చెప్పినా ఇంగ్లీషులోనే చెప్పాలి. చెప్పినదాన్ని బోర్డు మీద గీయాలి. గీతలు కుదిరాకే జవాబు. ఆకలేస్తోందన్న వాక్యం కుదిరేసరికి అన్నం చల్లారిపోయింది. బాత్రూమ్‌కి వెళ్లొస్తానన్న వాక్యాన్ని మాత్రం పిల్ల సగంలో వదిలేసి పరుగెత్తింది. అసంపూర్ణ వాక్యం! ప్లానుగారు దాని చుట్టూ ఎర్ర మార్కరుతో సున్నా చుట్టి, తిరిగొచ్చాక పూర్తి చేయించారు.

ఇదంతా చూసి నాయనమ్మకు ఒళ్లు మండింది.

"ఒరేయ్, అది నీళ్లడిగితే నీళ్లియ్యరా. మధ్యలో ఈ గీతలేంటి?"

"నీకు తెలీదమ్మా. పునాది ఇప్పుడే పడాలి."

పునాది అన్నాక ఎవరు మాత్రం ఎదురు చెప్తారు? ఆవిడ గొణుక్కుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఒక సాయంత్రం పిల్ల స్కూలు నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా నాన్న ముందు నిలబడింది. ముఖం కందిపోయి ఉంది. చట్టం ప్రకారం ఇంగ్లీషులోనే, మాటలు తడుముకుంటూనే, చివరిదాకా చెప్పింది. బస్సులో రోజూ తన పక్కన కూర్చునే అమ్మాయి, తను ఏమీ అనకపోయినా, ఏదో అందని అందరికీ చెప్పి, ఇవాళ ఎవరినీ తనతో మాట్లాడనివ్వలేదనీ, మధ్యాహ్నం తను ఒక్కతే మెట్ల మీద కూర్చుని తిన్నదనీ.

ప్లానుగారి కళ్లు మెరిశాయి.

"అబ్బ! ఎంత చిక్కు వాక్యం తెచ్చావే తల్లీ!"

నీళ్లు, అన్నం, బాత్రూమ్ లాంటి చిల్లర వాక్యాలతో ఆయనకు అప్పటికే విసుగెత్తిపోయింది. వాక్యమంటే ఇదీ! అంతస్తు మీద అంతస్తు! గబగబా బోర్డు తుడిచి మార్కరు మూత తీశారు.

"చెప్పు, ఇందులో అసలు పని చేసిందెవరు?"

"నేనేం చెయ్యలేదు నాన్నా. నిజంగా." చట్టం మరిచి తెలుగులోనే అనేసింది పిల్ల.

"అదేగా నేననేది! నువ్వు పని చేసేదానివి కాదు, పక్కకొస్తావు. ఏడుపాపి చూడు, మెట్లు ఎక్కడికొస్తాయి?"

పిల్ల ముక్కు తుడుచుకుని మెట్లకు గీత గీసింది. సరిగ్గా గీసింది. ప్లానుగారు ఫొటో తీసి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెడితే మెచ్చుకోలు బొటనవేళ్లు వచ్చి పడ్డాయి. ఆ అమ్మాయి ఎవరనీ, రేపు బస్సులో ఎవరి పక్కన కూర్చుంటావనీ ఆయన అడగలేదు. పాపం, ఆయన్నేమీ అనకండి! గొట్టం గీసే మనిషికి అందులో ఏం పారుతోందో ఎందుకు?

వైద్యం గుణమిచ్చింది. పిల్ల అడిగినదానికి "ఎస్" అంటుంది, లేకపోతే "నో" అంటుంది. అన్నం తిన్నావా అంటే "డన్". గీయడానికి బోర్డుకు మేత లేదు. మీరు కోరుకున్న ప్రశాంతత ఇదే కదా?

అయితే ప్లానుగారికి ఒక అనుమానం పట్టుకుంది. వంటింట్లో నాయనమ్మ దగ్గర అదే పిల్ల తెలుగులో గలగలా మాట్లాడుతోంది. ఆయన గుమ్మంలోకి రాగానే ఆ మాటలు ఆగిపోతున్నాయి. ఆయన వెళ్లి భార్యను అడిగారు.

"ఏం చెప్తోందే అది అమ్మకి? నాతో ఒక్క ముక్కా చెప్పదేం?"

ఆవిడ బట్టలు మడతపెడుతూ తలెత్తకుండా అంది. "చెప్పిందిగా. మీరు ఫొటో కూడా తీశారు."

ప్లానుగారు ఫోను తీసి ఆ ఫొటోను మళ్లీ చూశారు. మర్నాడు సాయంత్రం కూతురు రాగానే, తన చట్టాన్ని తనే పక్కనపెట్టి, తెలుగులోనే చెప్పమని అడిగారు.

"ఇవాళ స్కూల్లో ఏమైనా జరిగిందా తల్లీ?"

పిల్ల ఒకసారి బోర్డు వంక, ఒకసారి నాన్న వంక చూసింది.

"నథింగ్ హ్యాపెన్డ్, నాన్నా," అని నాయనమ్మ దగ్గరికి వెళ్లిపోయింది.

కాబట్టి తల్లిదండ్రులారా, ఆలస్యం చేయకండి, ఈరోజే బోర్డు తెచ్చుకోండి! ఆ పిల్ల ఇంగ్లీషు చూశారా? తడబాటు లేదు, వంకర లేదు. ఎంత వెతికినా ప్లానుగారికి ఆ వాక్యంలో ఒక్క తప్పూ దొరకలేదు. అది అబద్ధమని మాత్రం ఆయనకు తెలుసు.