మా నకలు వాచీలకు నకళ్ళున్నవి, జాగ్రత్త

“సమస్త వినియోగదారులకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మా దుకాణమువారి నకలు వాచీలకు నకళ్ళు బజారులోనికి వచ్చియున్నవి. చూచుటకు అచ్చం మావాటివలెనే ఉండును. మోసపోవద్దు. నాణ్యమైన నకలు కావలసినవారు మమ్ములను మాత్రమే సంప్రదించగలరు.”

ఆ ఉదయం అలారం గారి ఆన్‌లైన్ దుకాణం తెరిచినవారికి మొట్టమొదట కనిపించిన ప్రకటన ఇది. చదివినవారెవరూ నవ్వలేదు. పైగా “లోకంలో నిజాయితీ అనేది లేకుండా పోయింది సార్” అని కింద వ్యాఖ్యలు రాసి, ఏడుపు మొహాల బొమ్మలు అతికించి తమ సంతాపం తెలియజేశారు.

అలారం అనేది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. అత్తగారింటివాళ్ళు పెట్టింది. ఆయన నోరు తెరిచి ఏం చెప్పబోయినా ఎవరో ఒకరు నెత్తిమీద చెయ్యివేసి ఆపేసి, మళ్ళీ తమ పనిలో పడతారు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. ఆయనేమీ అనుకోలేదు. “నయం, టైమ్‌పీస్ అన్నారు కాదు” అని తన మీద తానే జోకు వేసుకునేవాడు. దానికీ ఎవరూ నవ్వేవారు కాదు.

దుకాణమంటే బట్టలారేసుకునే గది. తాడు మీద తడి చొక్కాలు, తాడు కింద బల్ల, బల్ల మీద నల్ల మఖమలు గుడ్డ, దాని మీద ధగధగలాడే వాచీ. ఫొటోలు తీసేది అక్కడే. ఒకసారి పైనున్న చొక్కా నుంచి నీటిచుక్క సరిగ్గా వాచీ అద్దం మీద పడింది. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. ‘నీటిని తట్టుకొనును’ అని దాని కింద రాసేశారు. ఆ వాచీ మర్నాడు ఆగిపోయిన మాట నిజమే గానీ, ఫొటో తీసిన క్షణాన తట్టుకునే ఉంది కదా.

అలారాన్ని మోసగాడు అన్నవాళ్ళకు పాపం తగులుతుంది. ఆయనకు నియమాలున్నాయి. ‘దొంగ సరుకు’ అనే మాట ఆ గదిలో వినబడకూడదు. ‘గౌరవ ప్రతి’ అనాలి. గౌరవం లేకపోతే పెద్ద కంపెనీవాళ్ళ పేరు, ముద్ర, చివరికి డబ్బా రంగు కూడా అంత శ్రద్ధగా ఎందుకు దించుతాం అని ఆయన ప్రశ్న. వాచీ ముందువైపు కంపెనీ పేరు ఆవగింజంత తేడా లేకుండా ఉంటుంది. వెనక మూత మీద మాత్రం, చర్మానికి ఆనుకునే చోట, చీమ కాళ్ళంత అక్షరాలతో ‘ఇది అసలుది కాదు’ అని చెక్కించేవాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ చదవలేదు. అయినా కొన్నవాడి నాడికి నిజం అతుక్కునే ఉంటుందని, తన బాధ్యత అక్కడితో తీరిపోయిందని హాయిగా నిద్రపోయేవాడు.

చట్టరీత్యా ఇది నేరం కాదా అని అడిగే చాదస్తులు లేకపోలేదు. “కాదని చెప్పే కదండీ అమ్ముతున్నాను. కొన్నవాడు ఔనని చెప్పుకుంటే నేనేం చెయ్యను?” అనేవాడు. ఈ వాదన అద్దంలో చూసుకుంటూ చెప్పినప్పుడు ఒక్కోసారి ఆయనకే నవ్వొచ్చేది. అందుకని అద్దం లేని చోట చెప్పడం అలవాటు చేసుకున్నాడు. దుకాణం నిబంధనల్లో కూడా స్పష్టంగా రాశాడు: ‘ఈ వాచీ ధరించి ఎవరినీ నమ్మించరాదు. తప్పనిసరైనచో మా పేరు చెప్పరాదు.’

ఇలా ధర్మం నాలుగు పాదాలా నడుస్తుండగా, ఆ ప్రకటనకు ముందురోజు ఒక టైలరు వాచీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. “ఏంటి సార్, మీ సరుకు ఇలా అయిపోయింది? పొద్దున పెట్టుకుంటే మధ్యాహ్నానికి ఆగిపోతోంది!” అన్నాడు. అలారం దాన్ని తిప్పి చూశాడు. వెనక ‘ఇది అసలుది కాదు’ అని ఉంది. కానీ అక్షరాలు లావుగా, పొగరుగా ఉన్నాయి. ఆయన చెక్కించే అక్షరాల్లోని వినయం వాటిలో లేదు. సంగతేమిటంటే, ఆ మాటను జనం చదవకపోయినా, వెనక గోటికి తగిలే గరుకు ఏదో ఉంటేనే మంచి నకలు అనే నమ్మకం బజారులో పాతుకుపోయింది. ఎవడో పుణ్యాత్ముడు ఆ గరుకును కూడా దించేశాడు.

అలారానికి ఒళ్ళు మండిపోయింది. టైలరును సాగనంపి, వంటింట్లోకి వెళ్ళి భార్య ముందు ఉపన్యాసం అందుకున్నాడు.

“ఒకడు రాత్రింబవళ్ళు కష్టపడి కాపీ కొట్టుకుంటుంటే, దాన్ని తీరిగ్గా కూర్చుని కాపీ కొడతారా? సొంతంగా కాపీ కొట్టుకునే తెలివి లేదా వీళ్ళకి? సిగ్గుండాలి మనిషన్న తర్వాత!”

“మరి ఆ పెద్ద కంపెనీవాళ్ళకి కూడా ఇలాగే కడుపు మండుతుందేమోనండీ” అంది ఆవిడ, గిన్నె దించుతూ.

“వాళ్ళ సంగతి వేరు. వాళ్ళు పెద్దవాళ్ళు. పెద్దవాళ్ళకి కడుపు మంట ఉండదు” అన్నాడు. అన్నాడే గానీ, ఎక్కడో కలుక్కుమంది. గ్లాసుడు మంచినీళ్ళు తాగాడు. తగ్గిపోయింది. తిన్నగా బావగారి దగ్గరికి బయల్దేరాడు.

బావగారంటే భార్యకు అన్నగారు. లాయరు. అంతేకాదు, లాయర్ల సంఘానికి అధ్యక్షుడు. ఉద్యోగం ఊడి అలారం అత్తగారింటి గుమ్మంలో నిలబడ్డ రోజున అందరూ తలో మాటా అంటే, ఒక్క మాటా అనకుండా పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టిన మనిషి. అలారానికి ఆయనంటే ప్రాణం. అందుకే ఆయన అధ్యక్షుడైన రోజున తన దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా మేలైన గౌరవ ప్రతిని తెచ్చి చేతికి పెట్టాడు. సంగతి చెప్పబోయాడు కూడా. ఈలోగా అత్తగారు “అసలుదేనా అల్లుడూ?” అని అడగడం, ఆయన నోరు తెరిచేలోపు భార్య “అసలుది కాక! అన్నయ్యకి నకలు ఇస్తారా?” అనడం జరిగిపోయాయి. ఆ పూట నుంచి అత్తగారింట్లో అలారానికి ఫ్యాను కింద కుర్చీ ఖాయమైంది. భార్య నలుగురిలో తలెత్తుకు తిరగడం మొదలుపెట్టింది. ఇంత మంచి జరుగుతుంటే మధ్యలో నిజం దూర్చడం ఎందుకని ఊరుకున్నాడు.

లాయరు బావగారు అంతా విని, కళ్ళజోడు తీసి తుడిచారు.

“చట్టం ప్రకారం చూస్తే నువ్వే ముద్దాయివి, బావా. పక్కవాళ్ళ పేరు పెట్టి సరుకమ్మడం నేరం. వెనకాల చిన్నక్షరాలు రాశానంటే చట్టం ఊరుకోదు, అది ముందువైపు పెద్దక్షరాలే చదువుతుంది. ధర్మం ప్రకారం చూస్తే ఇంకా ఘోరం. అయితే ఒక్కటి! ‘ఇది అసలుది కాదు’ అన్న మూడు ముక్కలున్నాయే, అవి మాత్రం నీ సొంత రచన. వాడు దొంగిలించింది నీ నిజాయితీని! దీని మీద కేసు వేస్తే చరిత్రలో నిలిచిపోతాం!”

కేసు తయారైంది. ఒకటే లోటు. న్యాయమూర్తి ముందు మూడు వాచీలు వరసగా పెట్టాలట: పెద్ద కంపెనీవారి అసలుది, అలారంవారి నిజాయితీ గల నకలు, దానికి నిజాయితీ లేని నకలు. రెండోదీ మూడోదీ సిద్ధంగా ఉన్నాయి. అసలు వాచీ ఒకటి కావాలి.

ఊళ్ళో ఆ కంపెనీ వాచీలకు కొదవా? ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ సభకు వెళ్ళినా చొక్కా చేతుల కింద తళుక్కుమంటూనే ఉంటాయి. లాయరుగారు ముందు పళ్ళ డాక్టరుగారిని అడిగారు. ఆయన వాచీ సర్వీసింగుకు కంపెనీకే పంపారట, ఎప్పుడొస్తుందో తెలియదట. అలా చెబుతూ ఎడమ చెయ్యి జేబులోంచి తియ్యలేదు. కాలేజీ ప్రిన్సిపాలుగారిది బ్యాంకు లాకర్లో ఉందట, తాళంచెవి ఆవిడ దగ్గర, ఆవిడ పుట్టింట్లో. క్లబ్బు సెక్రటరీగారైతే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అది స్వర్గస్థులైన తండ్రిగారి గుర్తట, కోర్టులకు తిప్పలేరట. ఆ తండ్రిగారు పోయిన చాన్నాళ్ళకు గానీ ఆ మోడల్ మార్కెట్లోకి రాలేదు. అలారం పక్కనే నిలబడి అన్నీ గంభీరంగా విన్నాడు. ఆ ముగ్గురి పార్శిళ్ళూ తన చేతులతో కట్టినవే. అయినా పెదవి విప్పలేదు. డాక్టర్లకు రోగుల రహస్యం ఎలాగో, ఆయనకు కొన్నవాళ్ళ రహస్యం అలాగు.

ఆదివారం మధ్యాహ్నం అత్తగారింటి హాల్లో అందరూ కూర్చుని ఉండగా లాయరుగారు లేచి నిలబడ్డారు. “ఇంత పెద్ద ఊళ్ళో ఒక్క అసలు వాచీ దొరకలేదంటే సిగ్గుచేటు! ఎవరో ఎందుకు? మా బావ పెట్టిన వాచీ నా చేతికి ఉండగా! రేపు ఇదే కోర్టులో పెడతాను. నిపుణులు మూత విప్పి చూసుకోనీ!” అని చెయ్యి పైకెత్తారు. అత్తగారు చప్పట్లు కొట్టారు. అలారం భార్య గర్వంగా మొగుడి వైపు చూసింది.

అలారం లెక్క వేసుకున్నాడు. రేపు మూత విప్పిన మరుక్షణం, తన పరువు సరే, అది పోయినా వెతుక్కునేవాళ్ళు లేరు. తనను పక్కన కూర్చోబెట్టుకున్న మనిషి తన సంఘం ముందే నవ్వులపాలైపోతాడు. ఫ్యాను కింద కుర్చీని చివరిసారిగా ఒకసారి నిమిరి, లేచాడు.

“బావగారూ, వద్దు. అది అసలుది కాదు. నా దుకాణంలోదే. ఆ రోజే చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. నన్ను క్షమించండి.”

అత్తగారు మురిసిపోయారు. “చూశారా ఎంత వినయమో! అంత ఖరీదైనది పెట్టి కూడా గొప్ప చెప్పుకోడు.”

“వినయం కాదత్తయ్యగారూ, నిజం!” అని అలారం వాచీ తీయించి, తిప్పి, మామగారు పేపరు చదువుకునే భూతద్దం పెట్టి చూపించాడు. మామగారు కూడబలుక్కుని చదివారు. “ఇది... అసలుది... కాదు. ఓహో! దొంగలు ఎత్తుకుపోకుండా కంపెనీవాళ్ళే ఇలా రాస్తారన్నమాట. తెలివంటే అదీ!”

“కాదు నాన్నా, మా సరుకుకి నకళ్ళు తీసే ఆ రెండో దుకాణంవాడే ఎక్కడో వీలు చూసుకుని చెక్కి ఉంటాడు. మా ఆయనంటే వాడికి కసి” అంది భార్య.

“అయ్యో, చెక్కించింది నేనేనే!” అని అలారం మొత్తుకున్నాడు. ఇన్నాళ్ళూ చీమ కాళ్ళంత అక్షరాల్లో చెప్పిన నిజాన్ని ఇవాళ గొంతు చించుకుని చెప్పినా వినే నాథుడు లేడు. చివరికి లాయరుగారు గొంతు సవరించుకుని తీర్పు చెప్పారు.

“బావ అమ్మేది నకలు వాచీలు. నకలు సరుకు అమ్మేవాడి సాక్ష్యానికి విలువ లేదు. కాబట్టి ఇది నకలని చెప్పే నమ్మదగిన సాక్షి ఎవరూ లేరు. సాక్షి లేనంతవరకూ ఇది అసలుదే. అయినా, బావ మనసు నొచ్చుకుంది కనక దీన్ని కోర్టుకు పెట్టను. కేసు వదిలేస్తున్నాను.” మళ్ళీ చప్పట్లు.

మెట్ల దాకా సాగనంపడానికి వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు. “నకలని నాకు తెలుసు బావా. చేతులు కడుక్కున్న మొదటి రోజే ఆగిపోయింది.”

అలారం ఒక మెట్టు దిగినవాడు మళ్ళీ ఎక్కాడు. “మరి... కోర్టులో పెడతానన్నారు?”

“ఊళ్ళో అందరూ సాకులు చెప్పారు కదా. నేనూ సాకు చెబితే ఇంట్లోవాళ్ళకి అర్థమైపోదూ? నువ్వే ఏదో ఒకటి చెప్పి ఆపుతావనుకున్నాను. ఆపాలంటే మాత్రం, నిజం చెప్పి ఆపుతారా ఎవరైనా? నా ప్రాణం పోయిందనుకో!” అని భుజం మీద చెయ్యి వేశారు. “తీసుకెళ్ళి ఆ మూడు ముక్కలూ గీకించి పంపు. చర్మానికి దురద పెడుతోంది.”

అలారానికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నాళ్ళకు తన నిజం ఒక మనిషిని తాకింది, తాకి దురద పెట్టింది. వాచీ జేబులో వేసుకుని, ఇంటికొచ్చి, తాడు మీద చొక్కాలు పక్కకు జరిపి, కొత్త ప్రకటన రాశాడు.

“మా వాచీల వెనుక ఉండే చిన్న వాక్యము నేటినుండి తొలగించబడినది. చదువువారు లేనందునను, చదివినవారు నమ్మనందునను ఈ నిర్ణయము. గౌరవ ప్రతులు యథాప్రకారము లభించును.”

మొదటి ఆర్డరు పళ్ళ డాక్టరుగారిది, రెండోది ప్రిన్సిపాలుగారిది. చిరునామా మీకు తెలిసిందే కదా అని ఇద్దరూ రాశారు. సెక్రటరీగారు తండ్రిగారి గుర్తుగా ఇంకొకటి తెప్పించుకున్నారు.

పాఠకమహాశయులు ఈపాటికి తమ వాచీ విప్పి వెనక్కి తిప్పి చూసుకునే ఉంటారు. ఏమీ రాసి లేదు కదా? సంతోషం. అమ్మయ్య అనుకుని మళ్ళీ పెట్టుకున్నారు కదా? కొత్త సరుకు మీద ఏమీ రాయడం లేదని ఇప్పుడే మనవి చేసుకున్నాం. మీరు అదీ చదవలేదు.