ముందుపళ్ళ ముల్కీ

మనిషి అబద్ధమాడతాడు, మనిషి తెచ్చిన కాగితం అంతకన్నా ధాటిగా ఆడుతుంది, పళ్ళు మాత్రం ఆడలేవు. ఈ మహాసత్యాన్ని కనిపెట్టడం మానవజాతికి కొన్ని వేల ఏళ్ళుగా చేతకాలేదు గాని, తార్నాక పక్కనున్న క్యాంపస్‌లో స్థానికత నిర్ధారణ ఉపసంఘానికి ఒక్క మధ్యాహ్నం, రెండు విడతల చాయ్ సరిపోయాయి.

ఆ రోజుల్లో గుమాస్తా కొలువు పక్కా కావాలంటే ముల్కీ ఉండాలి. అంటే, ఈ ప్రాంతం వాడినేనని చెప్పే సర్టిఫికెట్. అది రైలు దిగినవాడికి హమాలీ కన్నా ముందే ఎదురొస్తోందని ఫిర్యాదులు వచ్చాయి. ఇకమీదట కాగితాలను నమ్మవద్దని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. (ఉత్తర్వు కాగితం మీదే వచ్చింది. దాన్ని మాత్రం నమ్మారు.) మరి దేన్ని నమ్మాలా అని ఉపసంఘం తల పట్టుకుని కూర్చున్న వేళ, అధ్యక్షులు వెంకటేశం గారి చూపు అడ్మిషన్ల కౌంటర్లో పనిచేసే టెంపరరీ గుమాస్తా సామేలు నోటి మీద పడింది.

సామేలుది నల్లగొండ వైపు పల్లె. ఆ ఊరి బావినీళ్ళలో ఫ్లోరైడు ఉంది. ఆ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ పళ్ళు గోధుమరంగు చారలు పడి, పెచ్చులూడి, అరిగిపోతాయి. మరకలు పోవాలని చిన్నప్పుడు సామేలు ఇటుకపొడితో కసికొద్దీ తోమేవాడు. మరకలు పోలేదు, పళ్ళే సగం పోయాయి. మాట్లాడేముందు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవడం అప్పటి అలవాటే. పెళ్ళి ఫోటోలో కూడా జేబురుమాలు ముక్కు కింద పట్టుకుని, పడిశం పట్టిన పెళ్ళికొడుకులా కనిపిస్తాడు.

ఆ నోటిని తెరిపించి, టార్చిలైటు వేసి చూసి, వెంకటేశం గారు పరవశించిపోయారు.

"ముల్కీ అంటె గిది గదయ్యా," అన్నారు. "దొంగ స్టాంపు కొడితె వస్తదా గిది? ఏండ్లకేండ్లు నీళ్ళు తాగితెగాని పడని ముద్ర."

(అధ్యక్షుల వారు తాతల కాలం నుంచి పట్నం నల్లాల్లో వచ్చే గండిపేట చెరువు నీళ్ళ మనిషి. పళ్ళు తళతళలాడుతుంటాయి. ఆయన స్థానికత ఎవరూ అడగలేదు. అడిగే కుర్చీలో ఉన్నది ఆయనే.)

ఉపసంఘం వెంటనే తీర్మానించింది. నల్లగొండ దిక్కు అభ్యర్థులకు ముందుపళ్ళే ప్రథమ సాక్ష్యం, సర్టిఫికెట్లు అనవసరం. సామేలు ఫైలులోంచి కాగితాలన్నీ పీకేసి, ఖాళీ అట్ట మీద "అభ్యర్థి నోటిలో చూడుడు" అని రాశారు. ఎండాకాలంలో తుది తనిఖీ జరుగుతుంది, అందులో నెగ్గితే కొలువు పక్కా. సామేలుకు పట్టరాని సంతోషం కలిగింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పళ్ళ గురించి ఒకరి నోట మంచిమాట వినడం అదే మొదలు.

ఆ సంతోషం ఆరక ముందే చిరునవ్వు వారోత్సవం వచ్చిపడింది.

క్యాంపస్‌కు వచ్చేవాళ్ళు కౌంటర్లలో మొహాలు చూసి భయపడుతున్నారని, మర్యాదల విభాగం సూపరింటెండెంటు వీరస్వామి గారు సర్క్యులర్ జారీ చేశారు. కౌంటరు సిబ్బంది ప్రతి ఒక్కరినీ చూసి నవ్వవలెను. పెదవులు మాత్రమే కదిలినచో అది నవ్వుగా పరిగణింపబడదు. ఆరు ముందుపళ్ళు అవతలివారికి స్పష్టముగా కనబడవలెను. వారోత్సవం ఏడాది పొడుగునా అమల్లో ఉండును.

సామేలు ఆజ్ఞ మీరే మనిషి కాడు. చెయ్యి దించి నవ్వాడు. కొడుకును చేర్పించడానికి వచ్చిన ఒక పెద్దమనిషి ఆ నవ్వు చూసి, కొడుకు రెక్క పట్టుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. సాయంత్రానికి మెమో వచ్చింది. మీ నవ్వు సర్క్యులర్‌కు అనుగుణముగా లేదు, పళ్ళు బాగు చేయించుకొనవలెను, లేనిచో కౌంటరు నుండి తొలగింపబడుదురు. టెంపరరీ వాడికి కౌంటరు పోయిందంటే కొలువు పోయినట్టే.

సామేలు వీరస్వామి గారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సార్, గీ పళ్ళు ముల్కీ కమిటీల సాక్ష్యమున్నయి. ముట్టుకుంటె ఎట్ల సార్?"

"గది వాళ్ళ సెక్షను. నా సెక్షన్ల నవ్వు గావాలె," అన్నారు వీరస్వామి గారు.

అటునుంచి వెంకటేశం గారి దగ్గరికి పోతే, "నవ్వులాటలు మా పరిధిల లేవు సామేలూ," అన్నారు. ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నట్టయింది. సామేలు విషయంలో రెండూ నోట్లోనే ఉన్నాయి.

తార్నాక సందులోని ఒంటిగది ఇంట్లో భార్య సాలమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. "ఉన్న కొలువు పోయినంక ముల్కీ ఏం జేసుకుంటవ్? పోయి బాగుజేయించుకో. మన పెండ్లయి గిన్నేండ్లాయె, నువ్వు నవ్వంగ నేను సూడనే లేదు."

కాచిగూడ దంతవైద్యుడు పెద్దమనిషి. ముందు ఆ ఆరు పళ్ళనూ సన్నగా అరగదీశాడు, అచ్చు తీసుకున్నాడు, కొన్నాళ్ళకు పింగాణీ తొడుగులు తెప్పించి ఒక్కొక్కటీ అతికించాడు. (అరిగినదాన్ని నిలబెట్టాలంటే మిగిలినదాన్ని కూడా అరగదీయాలన్న ఈ సూత్రం వైద్యులకన్నా ముందు ఆఫీసులకు తెలుసు.) ఇంటికొచ్చి అద్దం ముందు నవ్వితే చాయ్ కప్పుల్లా తెల్లగా ఆరు పళ్ళు. చూసి సాలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. కాసేపటికి అది నవ్వు కాదని సామేలుకు అర్థమైంది. అతనికీ కళ్ళు చెమర్చాయి, అయినా నవ్వుతూనే ఉన్నాడు.

తుది తనిఖీ రోజున వెంకటేశం గారు టార్చి వేసి, ఆర్పి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ వేశారు.

"ఏంది సామేలూ గిది? ఫైలు మొత్తం తారుమారు జేసినవ్ గదా?"

"మెమో ఇచ్చిండ్రు సార్."

"మెమో ఇస్తె సాక్ష్యం మీద పింగాణీ పూస్తవా? తీసేయించుకోని రా."

దంతవైద్యుడు సంగతి విని తల గోక్కున్నాడు. "తీస్తా మియా, తీయనీకేమున్నది. లోపల నీ నల్లగొండ లేదు మరి. మొండి పుల్లలున్నయి."

సాక్ష్యాన్ని కావాలని ధ్వంసం చేశాడని సామేలు మీద అభియోగం నమోదైంది. మొన్ననే ఎక్కడినుంచో దిగి, నిద్రలో కూడా జర్దా పాన్ నమిలే మరో అభ్యర్థి మాత్రం అదే రోజు నోరు తెరిచి ప్రథమ శ్రేణిలో స్థానికుడయ్యాడు.

కాళ్ళావేళ్ళా పడితే ఉపసంఘం కనికరించి ఆఖరి అవకాశం ఇచ్చింది. పళ్ళు పోయినా పళ్ళకు మూలం ఉంటుంది గనుక, కన్నతల్లిని, తాగిన బావినీళ్ళను హాజరుపరచవలెను.

తల్లి సోమమ్మ చెంబు మూతికి గుడ్డ కట్టుకుని బస్సెక్కి వచ్చింది. ఆ నీళ్ళు పళ్ళతో ఆగే రకం కాదు, ఎముకల్లోకీ దిగుతాయి. ఆమె నడుం వంగిపోయి ఉంది, ఎదుటి మనిషి మొహం చూడాలంటే మెడ పక్కకు తిప్పాలి. కోడలు సాలమ్మ, మూడేళ్ళ మనుమరాలు రూతమ్మ ఆమెను వరండా దాకా నడిపించుకొచ్చారు. ఉపసంఘం ఆమె నోట్లో మిగిలిన నాలుగు పళ్ళూ చూసి తృప్తిపడింది. నడుం కూడా స్థానికమేనని ఒక సభ్యుడు అదనంగా రాయించాడు. అమ్మను అలా వంచి, తిప్పి చూస్తుంటే సామేలుకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"నీ కొడుకు గివే నీళ్ళు తాగి పెరిగిండా అమ్మా?" అడిగారు వెంకటేశం గారు.

"గివే సారూ. ఇప్పటికి గూడ మేం గివే తాగుతం."

పొద్దుటినుంచి ప్రశ్నలడిగి అధ్యక్షుల గొంతు ఎండిపోయింది, రెండుసార్లు దగ్గారు. ముసలామె ప్రాణం ఊరుకోలేదు. చెంబు గుడ్డ విప్పి ఆయన ముందున్న ఖాళీ గ్లాసులో నీళ్ళు పోసింది. "గొంతెండినట్టున్నది. జెర్ర తాగు బిడ్డా."

వెంకటేశం గారు కుర్చీతో సహా వెనక్కి జరిగారు. "వద్దు, వద్దు. గవి తాగితె పళ్ళు పోతయి. బొక్కలు వంగుతయి."

సోమమ్మ మెడ పక్కకు తిప్పి ఆయన మొహం చూసింది. "అయితె మీకు ఎరుకే అన్నట్టు."

తర్వాత ఉపసంఘం నడుచుకున్న తీరు శ్లాఘనీయం. నీళ్ళు అసలైనవేనని స్వయంగా అధ్యక్షుల వారే తాగ నిరాకరించడం ద్వారా రుజువైనందున, సామేలు స్థానికత ధ్రువీకరించడమైనదని మినిట్స్‌లో రాసుకున్నారు. సాక్షి అన్న చివరి మాట విషయానికి సంబంధించనిది కాబట్టి తొలగించారు.

కొలువు పక్కా అయింది. సామేలు గుండె మీది బండ దిగింది. నమస్కారం పెట్టి వెళ్ళబోతుంటే వెంకటేశం గారు ఆప్యాయంగా ఆపారు. పని అయ్యాక ఆయన ఎవరికన్నా మంచివాడే. వరండాలో ఉన్న రూతమ్మను పిలిపించి, గడ్డం పట్టుకుని నోరు తెరిపించి, టార్చి వేశారు. బియ్యపు గింజల్లాంటి పాలపళ్ళు, ఒక్క మరక లేదు.

"గండిపేట నీళ్ళు," అని నిట్టూర్చారు. "సాక్ష్యం ముచ్చటే లేదు. రేప్పొద్దున గీ పిల్ల కొలువుకొస్తె ఏం జూపుతది సామేలూ? అసలు పళ్ళు వచ్చేదాక నాయినమ్మ కాడ ఉంచు. నీ మంచికే చెప్తున్న."

ఆ సలహాను మినిట్స్‌లో సిబ్బంది సంక్షేమం కింద చేర్చారు. సోమమ్మ గ్లాసులో నీళ్ళు తిరిగి చెంబులో పోసుకుని గుడ్డ కట్టుకుంది. సామేలు చెయ్యి పాత అలవాటున నోటి దాకా వచ్చింది. సర్క్యులర్ ఇంకా అమల్లోనే ఉందని గుర్తొచ్చి చెయ్యి దించాడు, ఆరు పళ్ళూ స్పష్టంగా కనబడేలా నవ్వాడు.