పదమూడో నంబరు తాబేలు

బుధవారం నాడు కృష్ణకుమారి చేయవలసిన పనులు నాలుగు. ముందురోజే హాజరు పట్టీ వెనక రాసి పెట్టుకుంది. ఒకటి, పొజ్జే అవ్వను పదింటికల్లా బడి వరండాలో కూర్చోబెట్టాలి. రెండు, యంత్రం వేలిముద్ర పట్టేలా అవ్వ బొటనవేళ్లు సబ్బుతో రుద్ది కడిగించాలి. మూడు, సాహెబ్‌కు చేతుల కుర్చీ, కాచి చల్లార్చిన నీళ్లు. నాలుగు, పిల్లలు ఇంటికి పట్టుకెళ్లిన జంతువుల కార్డులు తిరిగి తీసుకుని పెట్టెలో సర్దాలి.

మొదటిదే అసలు పని. పొజ్జే అవ్వ బతికి ఉంది కానీ, రేషన్ కాగితాల్లో ఆమె చనిపోయి పది నెలలైంది. ఎక్కడి పొజ్జే చనిపోతే ఎవరి పేరు కొట్టేశారో తెలియదు. బియ్యం మాత్రం ఆగిపోయాయి. మరిది కొడుకు మంగ్లూ ఇంట్లో ఏడుగురు తాగే జావలో ఎనిమిదో గిన్నె ఆమెది. ఈ మధ్య పూటకు ఆకలి లేదంటూ ఆ గిన్నెను కూడా సగానికి తగ్గించింది. ఆమెను కళ్లారా చూసి పేరు తిరిగి ఎక్కించడానికి రేషన్ ఆఫీసు సాహెబ్ బుధవారం వస్తున్నాడు. ఆ రోజు తప్పితే వానలు పడతాయి, వాగు పొంగుతుంది, మళ్లీ దసరా దాకా జీపు రాదు.

ఆంధ్రా సరిహద్దు దాటాక, భేజ్జి అవతల, అడవిలో ఇరవై ఇళ్ల ఊసికెపారాలో బడి చెప్పేది కృష్ణకుమారి ఒక్కతే. కోంటా వైపు మిరప చేలలో కూలికి పోయే ఇంట్లో మొదటి డిగ్రీ ఆమెది. అందుకే అచ్చులో కనిపించిన ప్రతి మాటనూ నమ్మేది. పట్నం దాతలెవరో పంపిన అట్టపెట్టెలో విరిగిన రంగు పెన్సిళ్లు, ఒంటి మేజోడు, వాటి అడుగున ఒక పేక వచ్చాయి. డెబ్బై ఎనిమిది కార్డులు, కార్డుకో జంతువు. పైన ‘టారో’ అని ఉంటే కంపెనీ పేరనుకుంది. లోపలి చిన్న ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని రెండు వారాలు చదివింది. ‘కొత్త పేకతో పరిచయం పెంచుకోవాలంటే రోజుకో కార్డు దగ్గర ఉంచుకోండి, ఆ జంతువు మీకేం చెబుతుందో వినండి’ అని అందులో ఉంది. ఇంత మంచి బోధనా పద్ధతి తన కాలేజీలో ఎవరూ చెప్పలేదని బాధపడింది కూడా. మంగళవారం పిల్లలందరికీ తలా ఒక కార్డు ఇచ్చి, ఆ జంతువు గురించి ఇంట్లో పెద్దలను అడిగి రమ్మంది.

మంగ్లూ మనవరాలు కోసేకు పదమూడో నంబరు వచ్చింది. ముసలి తాబేలు వెల్లకిలా పడి ఉంటుంది, పగిలిన చిప్పలోంచి మొక్క మొలుస్తుంటుంది. కింద ఇంగ్లీషులో ‘మరణం’ అని ఉంది. కృష్ణకుమారి దాన్ని చూడకపోలేదు. కానీ పుస్తకంలో ‘ఇది చావు కాదు, మార్పు, భయపడనక్కరలేదు’ అని ఉండటంతో ఆ వాక్యం కింద గీత గీసి, నిశ్చింతగా ఇచ్చేసింది.

ఊళ్లో చాలామంది లాగే మంగ్లూ వాళ్లు తాబేలు వంశం. తాబేలు వాళ్లకు ఇంటి పెద్ద. ఎక్కడైనా చచ్చిన తాబేలు కంటబడితే పొయ్యి ఆర్పి, వండే కుండ బయట పగలగొట్టి, వంశమంతా వాగులో మునిగి ఏడవాలి.

తొమ్మిదింటికి కృష్ణకుమారి అవ్వను పిలవడానికి వెళ్లేసరికి దారి పొడవునా కుండ పెంకులు. ఆడవాళ్లు తడి జుట్టు విరబోసుకుని కూర్చున్నారు. మంగ్లూ కార్డును ఆకులో పెట్టుకుని వాకిట్లో ఉన్నాడు.

"ఏంది మామా ఇది?"

"మా పెద్దాయన పోయిండు మేడం. నువ్వే గదా కబురు పంపినవ్."

"అది బొమ్మ మామా! కాయితం!"

"కాయితమే. పోయినేడు మా తమ్ముడు కిరండూల్ గనుల్ల పోయిండని ఫోన్ల ఫోటో వచ్చింది. దాన్ని చూసే ఏడ్చినం, దాన్ని చూసే తానాలు జేసినం. ఆ ఫోటో పెద్దగ జేసి చూపిచ్చింది నువ్వే. బొమ్మ అని అప్పుడెందుకనలే?"

కృష్ణకుమారి పుస్తకం తెరిచింది. గీత గీసిన పేజీ తీసింది. "ఇది చావు కాదంట, మార్పంట."

"సచ్చుడంటే మారుడే గద మేడం. మాకెరుకలేదా?"

"అవ్వేది?"

"వాగు కాడ. ఇంటికి పెద్దది, ముందు ఆమే మునగాలె. బట్ట ఆరేదాక ఎవరి చూరు కిందికీ రావద్దు."

పొజ్జే అవ్వ వాగులో బండ మీద కూర్చుని ఉంది. చీర ఎముకలకు అతుక్కుపోయింది.

"అవ్వా, సాహెబ్ వచ్చే యాళైంది, లే."

"రానీ బిడ్డా. పది నెల్ల సంది సచ్చే ఉన్న. ఇంకో గడియ సచ్చి ఉంటే ఏమైతది?"

"ఇయ్యాల తప్పితే దసరానే. దసరా దాక ఏం తింటవ్?"

అవ్వ చీర కొంగు పిండుకుంది. "పోరగాండ్ల గిన్నెలకెళ్లి తీసుకుంటున్న. అది నాకెరుక లేదనుకున్నవా? కానీ ఇంటి పెద్ద పోతే ఏడవకుండ బియ్యానికి ఉరికిందంటే నాకు మొకమేడిది? బట్ట ఆరనీ."

బట్ట ఆరలేదు, ఆకాశం ముసురు పట్టి ఉంది. చివరికి చూరు కిందికి కాకుండా బడి ముందు ఆరుబయట నిలబడేట్టు అవ్వను ఒప్పించి నడిపించుకొచ్చేసరికి పదకొండు దాటింది.

ఈలోగా సాహెబ్ వచ్చేశాడు. రాంప్రసాద్ అనే ఆయన కిరండూల్ గనుల క్వార్టర్లలో ఆంధ్రావాళ్ల మధ్య పెరిగాడు, తెలుగు వచ్చు, మనసు మెత్తన. ఊరంతా ఆరిన పొయ్యిలు, పగిలిన కుండలు, ఖాళీ వరండా. ఆయన చేతిలో ఉన్న పేరు ఒక్కటే. పాపం, రికార్డే నిజమైందనుకుని టోపీ తీసి, రెండు నిమిషాలు తల వంచి నిలబడ్డాడు. ఆనక పొజ్జే మరణించినట్టు హిందీలో పంచనామా రాశాడు. సర్కారు మనిషి తమ తాబేలుకు దండం పెట్టినందుకు మంగ్లూ కళ్లు చెమర్చాయి. ఐదుగురు ముందుకొచ్చి, ఏం రాశారని అడగకుండా బొటనవేళ్లు వేశారు.

"ఈ అమ్మ కౌన్?" అన్నాడు రాంప్రసాద్, కృష్ణకుమారి వెంట తడి చీరతో వచ్చిన అవ్వను చూసి.

"పొజ్జే సార్," అంది కృష్ణకుమారి.

ఆయన కాగితాన్నీ అవ్వనూ మార్చి మార్చి చూశాడు. "మేడం జీ, చచ్చిపోయిందని ఐదుగురు గవాహీ, సాక్ష్యం ఇచ్చారు."

"చచ్చిపోయింది తాబేలు సార్!"

"తాబేలుకు రేషన్ కార్డు ఉందా?"

"లేదు సార్."

"మరి నేను రాసిన పంచనామా ఎవరిది?"

వేలిముద్ర యంత్రం తెచ్చారు. రెండు గంటలు నీళ్లలో నానిన అవ్వ వేలు ముడతలు పడి ఉంది. యంత్రం మూడుసార్లు ఎర్ర లైటు వెలిగించింది. అది కూడా ఐదుగురి వైపే చేరింది.

కృష్ణకుమారి జరిగిందంతా చెప్పి కార్డు ముందు పెట్టింది. రాంప్రసాద్ దాన్ని చూసి కుర్చీలో నిటారుగా అయ్యాడు. "అరే! ఇది జోస్యం పేక కదా. రాయ్‌పూర్‌లో మా మరదలు దీన్నే చూపించుకుంటుంది. మీకు చదవడం వచ్చా?"

కృష్ణకుమారికి అప్పుడు తెలిసింది తాను రెండు వారాలుగా ఏం నేర్చుకుంటున్నదీ. "పుస్తకంలో ఉన్నంత వరకు వచ్చు సార్."

"ఇది మౌత్, చావు కార్డే కదా?"

"కాదు సార్, మార్పు. పాత చోటు వదలి కొత్త చోటికి పోవడం."

రాంప్రసాద్ గొంతు తగ్గింది. "కొత్త చోటు అంటే... ట్రాన్స్‌ఫర్ కూడా వస్తుందా అందులో?"

ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. పేజీ వెతికి చూసింది. "‘ఉద్యోగంలో స్థానచలనం’ అని ఉంది సార్."

మూడేళ్లుగా బదిలీకి అర్జీలు పెడుతున్న మనిషి ఆయన. దొరికిన కార్డులన్నీ కలిపి, కళ్లు మూసుకుని ఒకటి తీశాడు. తాబేలే వచ్చింది. దాన్ని కళ్లకద్దుకున్నాడు. దూరం నుంచి చూస్తున్న మంగ్లూ పక్కవాడితో, "సాహెబ్ కూడా మా ఇంటోడే ఉన్నట్టున్నడు రా" అన్నాడు. రాంప్రసాద్ పంచనామాను అడ్డంగా కొట్టేసి, ‘స్వయంగా చూశాను, సజీవం’ అని రాసి సంతకం చేశాడు. అవ్వ కాళ్లకు కూడా మొక్కాడు. ఆ సాయంత్రం కృష్ణకుమారి నాలుగు పనులకూ టిక్కులు పెట్టుకుంది.

కార్డు చెప్పింది జరిగింది. పదో రోజున రాంప్రసాద్‌కు బదిలీ వచ్చింది. ఆయన ఎంత సంబరంగా వెళ్లాడంటే, ఊసికెపారా ఫైలును సొరుగులోంచి తీసి పై ఆఫీసుకు పంపడం మరిచిపోయాడు. కొత్త సాహెబ్ వానలు వెలిసాకే చేరాడు. ఆగస్టు చివరి వారంలో పొజ్జే అవ్వ చనిపోయింది. జ్వరం మూడు రోజులదే. ఆకలి అంతకు చాలా ముందుది. మంగ్లూ మళ్లీ కుండ పగలగొట్టాడు. ఈసారి ఎందుకని ఎవరూ అడగలేదు.

దసరా దాటాక, కొత్త సాహెబ్ ఆ సొరుగు తెరిచాక, కాగితం వచ్చింది: పొజ్జే, సజీవం, బియ్యం మంజూరు. కృష్ణకుమారి బస్సెక్కి ఆఫీసుకు వెళ్లి, ఆమె లేదని చెప్పింది. గుమాస్తా కంప్యూటర్ చూసి తల అడ్డంగా ఊపాడు. "ఈ పేరు ఒకసారి చావు నుంచి వెనక్కి వచ్చింది మేడం. మళ్లీ కొట్టేయాలంటే ఆమే వచ్చి వేలిముద్ర వేయాలి."

కాబట్టి కాగితం మీద పొజ్జే ఇప్పటికీ క్షేమంగానే ఉంది. ఇది చదివినవారు దయచేసి ఆమెను చనిపోయిన మనిషిగానే గుర్తుపెట్టుకోండి. ఆ సంగతి ఒప్పుకునేవాళ్లు మరీ తక్కువగా ఉన్నారు.